జర్మనీ మఠం పంపిన పెట్టె

ఆ శనివారం పొద్దున జోసఫిన్ వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి మర్నాటి గారెలకి మినప్పప్పు తేవాలి. తిరిగొచ్చేసరికి స్టెఫాన్ అనే జర్మన్ కుర్రాడు ఒక చెక్కపెట్టె తెచ్చి ఇంట్లో ఇచ్చి ఉంటాడు. దాన్ని ఎవరి కంటా పడకుండా బేస్‌మెంట్‌లో దాచాలి. ఆదివారం సాయంత్రం చర్చి పనులన్నీ ముగిశాక, తలుపులు వేసుకుని, భర్త మణితో కలిసి దాన్ని తెరవాలి. అంతే.

పెట్టెలో ఉన్నది ఒక సీసా. సీసాలో ఉన్నది ఎర్రటి ద్రాక్షారసం. జోసఫిన్ డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగు లూథరన్ సంఘంలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు కాబట్టి, ఇందులో రెండో వాక్యం ఎవరికీ తెలియకూడదు.

ఆ సంఘంలో తాగుడు మాట అటుంచి, తాగుడు వాసన తగిలే వస్తువు కూడా గడప దాటడానికి వీల్లేదు. వెనిలా ఎసెన్స్‌లో ఆల్కహాల్ ఉంటుందని సంఘ పెద్ద సుందర్ రాజ్ గారు ఎక్కడో చదివి వచ్చి అభ్యంతరం చెబితే, క్రిస్మస్ కేకుల్లో యాలకుల పొడి వేయించిన అధ్యక్షురాలు జోసఫినే. ప్రభువు భోజనానికి గుర్తుగా తలా ఒక గుక్క పంచే ప్రభువు బల్లలో కూడా వాళ్ళు వాడేది స్టోర్‌లో దొరికే ద్రాక్షరసమే. ద్రాక్షరసానికీ ద్రాక్షారసానికీ మధ్య ఉన్నది ఒక్క దీర్ఘం. ఆ దీర్ఘం చర్చిలోకి రాకుండా చూసుకోవడమే తనకు దేవుడప్పగించిన పని అని సుందర్ రాజ్ గారి నమ్మకం.

జోసఫిన్‌కి మాత్రం ఆ దీర్ఘంతో పాత పరిచయం ఉంది. గుంటూరు మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ చదివి, ఇరవై రెండేళ్ళ వయసులో ఆమె జర్మనీ వెళ్ళింది. రైన్ నది ఒడ్డున చిన్న ఊరు, చిన్న ఆసుపత్రి. ఊరి పైన కొండవాలంతా ద్రాక్షతోటలు, వాటి మధ్య ఆల్టెన్‌టాల్ మఠం. ఎనిమిది వందల ఏళ్ళ కిందట తెల్ల అంగీల సన్యాసులు వచ్చి, బండలు పగలగొట్టి, ఆ తోటలు వేశారట. అదే ఊళ్ళో యంత్రాల ఫ్యాక్టరీలో ట్రెయినింగ్‌కి వచ్చిన తెలుగు కుర్రాడు మణి. తెలుగు మాట వినపడక మొహం వాచిపోయిన ఇద్దరు మనుషులు అంత చిన్న ఊళ్ళో ఒకరికొకరు తగలకుండా ఉండటం కష్టం.

పెళ్ళికి ఇద్దరి తరఫునా చుట్టాలంటూ ఎవరూ లేరు. జోసఫిన్‌తో నైట్ డ్యూటీలు చేసిన నర్సు ఇర్మ్‌గార్డ్ అన్నీ తానై జరిపించింది. మఠం పెరట్లో, గోడ పక్కన బల్ల వేసి విందు పెట్టింది. తలా ఒక గ్లాసులో ఎర్రటి ద్రాక్షారసం పోసింది. వద్దంటే బాగుండదని జోసఫిన్ భయపడుతూనే గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. చిత్రంగా నేరేడు పళ్ళ వాసన వచ్చింది. తడిసిన మట్టి వాసన, ఎక్కడో దూరంగా కాలుతున్న పుల్లల పొగ వాసన కూడా. రంగు చూస్తే గ్లాసుకి అవతలున్న మణి వేళ్ళు కనపడేంత పలచన. నోట్లో పోసుకుంటే పట్టులా జారింది. తీపి లేదు, ఘాటూ లేదు. మూడేళ్ళుగా గొంతులో ఉండిపోయిన ఇంటి మీద బెంగ దానితోపాటే కిందికి దిగినట్టయింది. ఆమె జీవితం మొత్తంలో తాగిన ద్రాక్షారసం ఆ ఒక్క గ్లాసే.

తర్వాత ఇద్దరూ అమెరికా వచ్చేశారు. ఈ ఆదివారంతో ఆ పెళ్ళికి ముప్ఫై ఏళ్ళు నిండుతాయి. ఇర్మ్‌గార్డ్‌కి ఆ సంగతి గుర్తుంది. కారు విడిభాగాల కంపెనీలో పనిచేసే ఆమె మేనల్లుడు స్టెఫాన్ మీటింగ్‌లకని డెట్రాయిట్ వస్తుంటే, అతని చేత అదే మఠం సీసా పంపింది.

జోసఫిన్ మినప్పప్పుతో తిరిగొచ్చేసరికి మణి చెవులకి ఇయర్ మఫ్స్ పెట్టుకుని, వెనక యార్డ్‌లో బ్లోయర్‌తో ఆకులు ఊదుతున్నాడు. అక్టోబరు ఆకులు ఒక పక్కకి ఊదితే ఇంకో పక్కకి వచ్చి పడుతున్నాయి.

"స్టెఫాన్ వచ్చాడా?" అని అరిచింది.

మణి మఫ్స్ తీసి, "ఎవరూ రాలేదే. నేను ఇక్కడే ఉన్నానుగా," అన్నాడు.

అదే సమయంలో వంటింట్లో ఫోన్ మోగింది. ఎదురింట్లో ఉండే సుందర్ రాజ్ గారు.

"వందనాలు సిస్టర్. కూర్చునే ఉన్నారా?"

"చెప్పండి అన్నయ్యగారూ."

"జర్మనీ జవాబిచ్చింది," అన్నారాయన.

జోసఫిన్ నిజంగానే కూర్చుంది. జరిగినదేమిటో ఆయన మాటల్లోంచి మెల్లగా బయటపడింది. మర్నాడు సంఘానికి సిల్వర్ జూబిలీ. దానికి ఆశీర్వాదాలు పంపమని కోరుతూ సుందర్ రాజ్ గారు ఆరు నెలలుగా జర్మనీలో దొరికిన చర్చిలన్నిటికీ, మఠాలన్నిటికీ ఈమెయిల్స్ పంపుతున్నారు. ఒక్కరూ బదులివ్వలేదు. కమిటీలో కొందరు నవ్వారు కూడా. ఇందాక ఆయన ఇంటి ముందు ఆకులు పోగుచేస్తుంటే ఒక తెల్ల కుర్రాడు కారు దిగి, ఎదురింటి బెల్ కొట్టి, ఎవరూ పలక్కపోతే రోడ్డు దాటి వచ్చాడు. చేతిలో చెక్కపెట్టె. మణి బ్లోయర్ మోతలో అతను చెప్పిన మాటలు సగం వినపడలేదు. వినపడిన సగంలో 'జర్మనీ' ఉంది, 'మఠం' ఉంది, 'రేపటి జూబిలీకి' అని కూడా ఉంది.

"పెట్టె మీద సిలువ గుర్తు కాల్చి ముద్ర వేశారమ్మా. పాతకాలపు అక్షరాలు. ఆ అబ్బాయిని రేపు సర్వీస్‌కి రమ్మని చెప్పాను. కాలేబ్ అయ్యగారికి ఫోన్ చేశాను. పెట్టె చర్చికి తీసుకెళ్ళి ముందు పెట్టేశాను. రేపు ప్రసంగం అయ్యాక, జూబిలీకని ఇండియా నుంచి వచ్చిన రాజారావు గారి చేతుల మీదుగా తెరుస్తాం. మీకే ముందు చెబుదామనుకున్నా గానీ, ఈలోపు ఓ ఇరవై మందికి చెప్పేశాను."

ఫోన్ పెట్టేసి జోసఫిన్ భర్తకి విషయం చెప్పింది. మణి కాసేపు బ్లోయర్ కేసి చూశాడు.

"జర్మన్ వాళ్ళు పెళ్ళిరోజుని కూడా జూబిలీ అనే అంటారు," అన్నాడు.

"నాకు తెలుసండీ. ఆ సంగతి ఆయనకి ఎవరు చెబుతారు?"

"నువ్వే చెప్పాలి. నాకన్నా నీ మాటంటే ఆయనకి గౌరవం."

ఆ గౌరవమే గొంతుకి అడ్డం పడుతోందని జోసఫిన్‌కి అర్థమైంది. అయినా ఆమె చీర మార్చుకుంది. డెకరేషన్ పనికి సాయం అన్న వంకతో ఇద్దరూ చర్చికి బయల్దేరారు.

అమెరికన్ సంఘం వాళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు తెలుగువాళ్ళకి వాడుకోనిచ్చే చర్చి అది. లోపల పాస్టర్ కాలేబ్ నిచ్చెనెక్కి వెండి రంగు కాగితాలు కడుతున్నారు. ముందు వైపు లేసు గుడ్డ పరిచిన బల్ల, దాని మీద రెండు పూలకుండీల నడుమ చెక్కపెట్టె. పక్కన మడతకుర్చీలో, సూటు వేసుకుని, సుందర్ రాజ్ గారు. భార్య పోయాక ఆయన సూటు వేసుకోవడం జోసఫిన్ చూడటం అదే మొదలు.

"అన్నయ్యగారూ, ఆ పెట్టె విషయం మీతో ఒక మాట చెప్పాలి," అంది.

"మీరేం చెబుతారో నాకు తెలుసమ్మా."

జోసఫిన్ చప్పున మణి వైపు చూసింది.

"కమిటీలో అందరూ నవ్విన రోజున మీరొక్కరే నవ్వలేదు. అది నేను మరిచిపోలేదు. అసలు సంగతేంటో మీకు చెబుతాను, ఇలా కూర్చోండి." ఆయన తన కుర్చీ ఆమెకిచ్చి పక్కన నిలబడ్డారు. "మాది గూడూరు. మా తాతగారు జర్మన్ మిషనరీ దొరగారి దగ్గర ఒంటెద్దు బండి తోలేవారు. మొదటి యుద్ధం వచ్చినప్పుడు ఇంగ్లీషు ప్రభుత్వం దొరగారిని పంపించేసింది. వెళ్ళేటప్పుడు ఆ దొరగారు తెలుగులోనే అన్నాడట, 'మిమ్మల్ని మరిచిపోము, కబురు పంపిస్తాము' అని. మా తాతగారు పోయేదాకా పోస్టు జవాను కోసం చూశారమ్మా. ఇంట్లో అందరూ ఎగతాళి చేసేవాళ్ళు. ఇదిగో, ఇప్పుడొచ్చింది కబురు."

ఆయన పెట్టె మీద చెయ్యి వేసి, సిలువ ముద్రను బొటనవేలితో తుడిచారు. జోసఫిన్ తను చెప్పదలచుకున్న మాటను మింగేసింది. మణి వైపు చూస్తే అతనూ తల అడ్డంగా ఊపాడు.

ఇక మిగిలింది ఒకటే దారి. ఎవరూ చూడకుండా సీసా తీసేసి, లోపల ఇంకేదైనా పెట్టెయ్యడం. సుందర్ రాజ్ గారు మంచినీళ్ళకని వెళ్ళిన రెండు నిమిషాల్లో మణి జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. మూత మేకులతో బిగించి ఉంది. ఒక మేకు కదిలింది, రెండోది కదల్లేదు. పెట్టెను వాల్చి పట్టుకుని తంటాలు పడుతుంటే లోపల్నించి గుటగుటమని చప్పుడు వచ్చింది. సరిగ్గా అప్పుడే వెనక అడుగుల చప్పుడయింది.

"బ్రదర్, ఏమిటది?" అన్నారు సుందర్ రాజ్ గారు.

"బల్ల మధ్యకి జరుపుతున్నానండీ," అన్నాడు మణి, స్క్రూడ్రైవర్‌ని చొక్కా చేతిలోకి తోస్తూ.

సుందర్ రాజ్ గారు పెట్టె దగ్గర చెవి పెట్టి మళ్ళీ ఒకసారి ఊపారు. మొహం వెలిగిపోయింది.

"నీళ్ళు," అన్నారు. "మఠం నుంచి నీళ్ళు ఎందుకు పంపుతారు?"

నిచ్చెన మీంచి కాలేబ్ అయ్యగారు ఉత్సాహంగా, "యేసు బాప్తిస్మం తీసుకున్న యొర్దాను నది నీళ్ళు అయ్యుంటాయండీ. యూరప్‌లో పాత మఠాల్లో అలా దాచి ఉంచుతారని చదివాను," అన్నారు.

ఆయనేదో తోచింది అన్నారు. గంట తిరిగేసరికి అది వార్తయింది. జోసఫిన్ ఇంటికి చేరి పప్పు నానబోసేలోపే రేణు దగ్గర్నుంచి ఫోన్. రేణు స్త్రీల సమాజం సెక్రటరీ. ఆమె మనవరాలికి మర్నాడే బాప్తిస్మం.

"అక్కా, విన్నారా? పాపకి యొర్దాను నీళ్ళతో ఇప్పిద్దామనుకుంటున్నాం. అయ్యగారు సరేనన్నారు. ఎంత అదృష్టం చూడండి. తెల్ల గౌను కూడా కొత్తది కొన్నాం."

ఫోన్ పెట్టేశాక జోసఫిన్ కళ్ళ ముందు ఒక్కటే కనపడింది: తెల్ల గౌను, ఎర్ర నీళ్ళు.

"పసిపిల్ల నెత్తిన పోస్తారటండీ," అంది మణితో. "ఇప్పుడేం చేద్దాం? అలాంటి సీసానే ఇంకోటి వెతికి, నీళ్ళు నింపి మార్చేద్దామా?"

మణి తాపీగా పప్పులో రాళ్ళు చూస్తున్నాడు. "బైబిల్లో కానా ఊరి పెళ్ళిలో నీళ్ళు ద్రాక్షారసం అయ్యాయి. మన పెళ్ళిరోజుకి అది వెనక్కి నడుస్తోందన్నమాట," అన్నాడు.

"మీకు నవ్వులాటగా ఉంది."

"లేదు జోసీ. ఆ సీసా మీద నాకూ ఆశ ఉంది. రేపు పెందరాళే వెళ్దాం. స్క్రూడ్రైవర్ కాదు, ఈసారి కటింగ్ ప్లేయర్ తీసుకొస్తాను."

మర్నాడు వాళ్ళు అందరికన్నా ముందే చర్చికి చేరారు. జోసఫిన్ హ్యాండ్‌బ్యాగ్‌లో కుళాయి నీళ్ళు నింపిన సీసా. మణి కోటు జేబులో ప్లేయర్. కానీ బల్ల మీద పెట్టె లేదు. దొంగల భయంతో సుందర్ రాజ్ గారు దాన్ని ఇంటికి పట్టుకెళ్ళారు. ఇప్పుడు దాన్ని పసిబిడ్డలా గుండెకి హత్తుకుని కారు దిగుతున్నారు. పక్కనే రెవరెండ్ రాజారావు గారు. రాజమండ్రిలో సెమినరీలో మూడు తరాల పాస్టర్లకి పాఠాలు చెప్పి రిటైరైన పెద్దాయన. జూబిలీ కోసమే ఇంత దూరం వచ్చారు.

సర్వీస్ మొదలైంది. పాటలయ్యాయి, ప్రసంగమూ అయ్యింది. జోసఫిన్ చెవుల్లోకి ఒక్క ముక్క వెళ్ళలేదు. గారెలు మెత్తబడిపోతాయేమోనన్న బెంగ కూడా ఆమెకి ఆ రోజు కలగలేదు. రేణు మొదటి వరుసలో తెల్ల గౌనులో ఉన్న పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సుందర్ రాజ్ గారు మైకు ముందుకొచ్చి, గూడూరు నుంచి మొదలుపెట్టి, తాతగారిని, ఒంటెద్దు బండిని తలుచుకుని, "నూరేళ్ళకి కబురొచ్చింది," అని ముగించారు. వెనక వరుసల్లో ముక్కులు చీదిన చప్పుడు వినపడింది.

కాలేబ్ అయ్యగారు సుత్తితో మేకులు లాగారు. ఒకటి చేతితోనే ఊడొచ్చింది. దానికి ఆయన కాస్త ఆశ్చర్యపోయారు. రాజారావు గారు గడ్డి పక్కకి తీసి, సీసా పైకెత్తారు.

కిటికీలోంచి వచ్చిన ఎండ సీసాలోంచి దూరి ఆయన తెల్ల అంగీ మీద పలచటి ఎర్ర మరక వేసింది. నీళ్ళు ఆ రంగులో ఉండవని పిల్లలకి కూడా తెలిసింది. రాజారావు గారు కళ్ళజోడు సర్దుకుని, సీసాకి అంటించిన చీటీ మీద అక్షరాలు కూడబలుక్కుంటూ, "ష్పేట్‌బుర్గుండర్," అని చదివారు. తర్వాత మెల్లగా, "రేణమ్మా, పాపకి మామూలు నీళ్ళే పోద్దాం," అన్నారు.

"ఏమిటండీ అది?" అన్నారు సుందర్ రాజ్ గారు. అడగకముందే ఆయనకి తెలిసిపోయినట్టుంది. మొహంలో నెత్తుటి చుక్క లేదు. దీర్ఘాన్ని గడప దాటనివ్వని మనిషి, దాన్ని రాత్రంతా ఇంట్లో పెట్టుకుని, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తనే మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

"ద్రాక్షారసం," అన్నారు రాజారావు గారు.

జోసఫిన్ లేచి నిలబడింది. "అయ్యగారూ, ఆ సీసా సంగతి నేను చెబుతాను. అందులో అన్నయ్యగారి తప్పేం లేదు. అది..."

"సాక్ష్యం తర్వాత చెబుదువుగానిలే అమ్మా, కూర్చో," అన్నారు పెద్దాయన. ఆయన చూపు ఇంకా సీసా మీదే ఉంది. "నలభై ఏళ్ళయింది దీన్ని చూసి. నేను జర్మనీలో చదువుకోవడానికి వెళ్ళిన మొదటి చలికాలం, ఆదివారం పల్లెటూరి చర్చికి వెళ్ళాను. మంచులో నడిచి వెళ్ళాను, కాళ్ళు మొద్దుబారిపోయాయి. మన ఊళ్ళో ఎండుద్రాక్ష నానబెట్టి పిసికిన రసంతో బల్ల తీసుకున్నవాణ్ణి. అక్కడ ఒకే గిన్నె, ముసలి రైతులంతా వరసగా దాంట్లోనే తాగుతున్నారు. నా వంతు వచ్చేసరికి ఎందుకో జంకాను. పక్కనున్న ముసలాయన తను తాగబోయేవాడల్లా ఆగి, గిన్నె ముందు నాకిచ్చాడు. ఒక్క మాట మాట్లాడలేదు. ఇలాంటిదే, ఈ రంగే. ఆ దేశంలో నేను పరాయివాణ్ణి కానని ఆ రోజు అనిపించింది."

ఆయన సీసాను బల్ల మీద నిలబెట్టారు.

"లూథర్ దేశం నుంచి లూథరన్ సంఘం పుట్టినరోజుకి ద్రాక్షారసం వస్తే, తిప్పి పంపేంత పెద్దవాణ్ణి కాదు నేను. ఇవాళ బల్లకి ఇదే వాడదాం. సుందర్ రాజ్, ఈ సంఘానికి పెద్దవు నువ్వు. నీ మాటేమిటి?"

వందమంది సుందర్ రాజ్ గారి వైపు తిరిగారు. ఆయన సీసా వంక చూశారు, పెట్టె మీద సిలువ వంక చూశారు, చివరికి తన బూట్ల వంక చూశారు.

"జర్మనీ వాళ్ళు అంత దూరం నుంచి పంపారు కదండీ," అన్నారు వినపడీ వినపడకుండా.

అక్కడితో చిక్కు తీరిందనుకుంటే, బిరడా తీసే పరికరం ఎవరి దగ్గరా లేదని తేలింది. ఉండకూడదు కూడా. కాలేబ్ అయ్యగారు అటూ ఇటూ చూశారు. తర్వాత వెనక వరుసల్లోంచి ముగ్గురు మగవాళ్ళు విడివిడిగా లేచి, ఒకరినొకరు చూడకుండా పార్కింగ్ లాట్ వైపు నడిచారు. అందరికన్నా ముందు తిరిగొచ్చినాయన సంఘం ట్రెజరర్.

ద్రాక్షారసాన్ని బొటనవేలంత ప్లాస్టిక్ గిన్నెల్లోకి వంపారు. సీసా సరిగ్గా సంఘానికి సరిపోయింది. పిల్లలకీ, ఇష్టం లేనివాళ్ళకీ ద్రాక్షరసం ట్రే వేరుగా పెట్టారు. దాని దగ్గరికి పిల్లలు తప్ప ఎవరూ వెళ్ళలేదు.

జోసఫిన్, మణి పక్కపక్కనే మోకరించారు. ముప్ఫై ఏళ్ళుగా తలుచుకున్నది ఇప్పుడు రెండు వేళ్ళ మధ్య, ఒక గుక్కకి సగం. బాధపడదామనుకుంది జోసఫిన్. గిన్నె ముక్కు దగ్గరికి రాగానే ఆ పని మరిచిపోయింది. నేరేడు పళ్ళు. తడి మట్టి. అదే పుల్లల పొగ. మఠం గోడ మీద సాయంత్రపు ఎండ, బల్ల మీద ఇర్మ్‌గార్డ్ పరిచిన నీలం గళ్ళ గుడ్డ, అద్దె సూటు చేతులు పొడవైపోయిన మణి, అన్నీ ఉన్నచోటనే ఉన్నాయి. తాను తలుపులు వేసుకుని దొంగచాటుగా తాగాలనుకున్నది, ఇప్పుడు వందమంది నడుమ తల వంచుకుని తాగింది. గొంతులో పట్టు జారింది.

పక్కన మణి కళ్ళు మూసుకునే ఉన్నాడు. "నేరేడు కదూ," అన్నాడు చాలా మెల్లగా.

ఆమె తల ఊపింది.

సర్వీస్ అయ్యాక, ఫెలోషిప్ హాల్లో గారెలు తింటుండగా స్టెఫాన్ వచ్చాడు. నిన్న ఎదురింటి పెద్దాయన జూబిలీకి రమ్మని పిలిచాడు మరి. చేతిలో పెద్ద పూలగుత్తి. నేరుగా జోసఫిన్ దగ్గరికి వచ్చి, పూలు చేతికిచ్చి, పెళ్ళిరోజు శుభాకాంక్షలు చెప్పి, ఇంగ్లీషులో గట్టిగా అడిగాడు: "వైన్ తాగారా? ముప్ఫై ఏళ్ళ కిందట మీ పెళ్ళిలో తాగింది అదేనట కదా. ఎలా ఉందో అడిగి రమ్మంది అత్తయ్య."

పక్కనే గారె పట్టుకుని నిలబడ్డ సుందర్ రాజ్ గారు ఆ మాటలన్నీ విన్నారు. ఈసారి బ్లోయర్ మోత లేదు. ప్లేటు బల్ల మీద పెట్టి, కోటు తొడుక్కుని బయటికి వెళ్ళిపోయారు.

సాయంత్రం వెలుగుండగానే బెల్ మోగింది. గుమ్మంలో సుందర్ రాజ్ గారు, చేతిలో న్యూస్‌పేపర్ చుట్టిన పొట్లం.

"కడిగి తెచ్చానమ్మా," అన్నారు. పొట్లంలో ఖాళీ సీసా. "మీ ఇంట్లో ఉండాల్సిన వస్తువు. వందమందికి పంచిపెట్టేశాను. నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామనే వచ్చానండీ. మీరు తాతగారి గురించి చెప్పారు."

ఆయన సోఫా చివర కూర్చున్నారు. "ఆ మఠానికి కూడా రాశాను నేను. పేరు చూడగానే గుర్తుపట్టాను. అందుకే అంత నమ్మకంగా అనుకున్నా. రెండుసార్లు రాశాను. వాళ్ళు చదివి కూడా ఊరుకున్నారన్నమాట."

"అక్కడ సన్యాసులెవరూ లేరన్నయ్యగారూ. రెండొందల ఏళ్ళ కిందటే మఠం మూసేశారు. తోటలున్నాయి, నేలమాళిగలో పీపాలున్నాయి, గేటు దగ్గర సీసాలు అమ్మే కౌంటర్ ఉంది. అంతే."

సుందర్ రాజ్ గారు ఖాళీ సీసా వంక చూశారు. "అయితే నేను జూబిలీకి ఆశీర్వాదం పంపమని వేడుకున్నది..."

"కౌంటర్‌నండీ," అన్నాడు మణి.

ముందు సుందర్ రాజ్ గారి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని జోసఫిన్ కంగారుగా లేచింది. ఆయన నవ్వుతున్నారు. భార్య పోయాక ఆయన నవ్వు ఎలా ఉంటుందో ఆ వీధిలో అందరూ మరిచిపోయారు. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "మా తాతగారు నయం. ఆయన ఎదురుచూసి ఊరుకున్నారు," అన్నారు.

"మీకు జవాబు రాలేదని ఎందుకనుకోవాలి?" అంది జోసఫిన్. "ఇర్మ్‌గార్డ్ మీ దొరగారి లాంటి మనిషే. ఒక తెలుగు పిల్ల పెళ్ళి జరిపించింది, ముప్ఫై ఏళ్ళు గుర్తుపెట్టుకుంది, కబురు పంపింది. మరిచిపోకపోవడమంటే ఇదే కదండీ. కాకపోతే పోస్టు మీ ఇంటికొచ్చింది."

సుందర్ రాజ్ గారు సోఫాలో కాస్త వెనక్కి జారి కూర్చున్నారు. వెళ్ళే ఉద్దేశం లేదన్నట్టు కోటు కూడా విప్పారు.

ఇంట్లో గారెలు మిగిలి ఉన్నాయి. చర్చిలో పిల్లలు తప్ప ఎవరూ ముట్టుకోని ద్రాక్షరసం జగ్గుకి జగ్గే మిగిలిపోతే అదీ స్త్రీల సమాజం అధ్యక్షురాలి ఫ్రిజ్‌లోకే వచ్చి చేరింది. జోసఫిన్ మూడు గ్లాసుల్లో పోసి తెచ్చింది. మణి గ్లాసు పైకెత్తి, "ముప్ఫై ఏళ్ళకి," అన్నాడు. ముగ్గురూ తాగారు.

సుందర్ రాజ్ గారు మొదటి గుక్క నోట్లోనే కాసేపు ఉంచుకుని, మింగి, గ్లాసు వెలుతురుకి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశారు.

"మరీ తియ్యగా ఉందమ్మా," అన్నారు.